చెక్కు వెనక్కొచ్చిన రైతుకు గడువు చెప్పేదెవరు?

వరంగల్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి,

నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. ఇంటి దగ్గరికే వచ్చిన ఒక వ్యాపారికి 20 బస్తాల మిర్చి అమ్మాను. లక్షా 12 వేలకు చెక్కు రాసిచ్చాడు. బ్యాంకులో వేస్తే తిరిగొచ్చింది, వెంట అరచేతిలో పట్టేంత చీటీ: ఖాతాలో సరిపడా డబ్బు లేదని. ఫోన్ చేస్తే ‘రేపు వేస్తానన్నా’ అనేవాడు. ఆ రేపుతోనే 40 రోజులు గడిచాయి.

వకీలు చెక్కు చూడలేదు, ముందు చీటీ మీద తేదీ చూశాడు. చీటీ అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలట. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆపైన నెలలోపు చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) 138 సెక్షన్ కింద కోర్టుకు పోవాలి. నాకు ఆ 30 రోజులు దాటిపోయాయి. చెక్కు చెల్లే మూడు నెలలు ఇంకా నిండలేదు కాబట్టి బతికిపోయాను. మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగొచ్చాక స్పీడ్‌పోస్టులో నోటీసు పంపాం. అయినా కట్టలేదు, కోర్టులో కేసు వేశాం.

సార్, ఈ లెక్క మాకెవరు చెప్పాలి? మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌లో మీ వాలంటీర్లను ఒకరిద్దరిని కూర్చోబెట్టండి. తెలుగులో నోటీసు నమూనా ఉంచండి. నేరం ఒప్పుకోని నిందితుడి నుంచి చెక్కు మొత్తంలో 20 శాతం దాకా, కేసు తేలకముందే, మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉందని కూడా రాసిపెట్టండి. ఆ సంగతి నాకు రెండో వాయిదాకు గానీ తెలియలేదు.

నా కేసు లోక్ అదాలత్‌లో పెడితే తప్పక వస్తాను. కానీ రాజీ పేరుతో మళ్లీ చెక్కులే తీసుకోమంటే మాత్రం నావల్ల కాదు.

ఇట్లు,
ఒక మిర్చి రైతు