వార్షిక నివేదిక: థింసాకు మోరి తోడు కావాలి

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం అరకులో చేసిన పనుల్లో ఎక్కువ భాగం మన గిరిజనుల బృంద నృత్యం థింసాకు సంబంధించినవే. కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పర్యాటకుల ముందు మనవాళ్లు కాసేపు ఆడతారు. చూసినవాళ్లు థింసా అంటే అంతే అనుకుని వెళ్లిపోతారు. కానీ అందులో ఎన్ని రకాలు! గ్రామదేవతను కొలుస్తూ ఆడే బోడ థింసా, ఆకులు ఏరే తీరు చూపించే పొతర్ తోల, వంగుతూ లేస్తూ సాగే గొడ్డి బేట, పులి భయం చుట్టూ అల్లుకున్న బాగ్, భుజాలతో ఒకరినొకరు నెట్టుకునే కుండ థింసా... వీటిలో కొన్నిటి పేర్లు కూడా మన పిల్లలకు తెలియవు. అందుకే వేసవి సెలవుల్లో శిక్షణ పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్దమ్మలు వచ్చి నేర్పారు. రాగానే వాళ్లు సరిచేసింది అడుగులు కాదు, చేతులు. పిల్లలు పక్కవాళ్ల చెయ్యి ఊరికే పట్టుకుని ఆడుతున్నారు. అలా కాదు, పక్కామె వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి అవతలి చేతిని బిగించి పట్టుకోవాలి. అప్పుడే వరస మొత్తం ఒక్కసారిగా వంగుతుంది, అందెలు కలిసి మోగుతాయి. సాయంత్రానికి పిల్లలకు ఆ పట్టు కుదిరింది.

వాద్యాల దగ్గరే అసలు టెన్షన్. డప్పు, తుడుము నేర్చుకునే కుర్రాళ్లు ఉన్నారు. చలికాలం మంచుకు డప్పు చర్మం వదులైతే గడ్డిమంట దగ్గర కాచి, వేలితో కొట్టి చూసి, మళ్లీ కాచడం కూడా వాళ్లకు వచ్చేసింది. సన్నాయిలాంటి మోరి ఊదేవాళ్లే దొరకడం లేదు. ఊపిరి తెగకుండా గంటలకొద్దీ ఊదడం ఒక్క వేసవిలో వచ్చే విద్య కాదు. కొన్నిచోట్ల పెన్‌డ్రైవ్ పాట పెట్టి ఆడించేస్తున్నారు. ఆడేవాళ్ల కాళ్లు చూసి జోరు పెంచేది మోరి పట్టిన మనిషి. పెన్‌డ్రైవ్‌కు కళ్లెక్కడివి?

చైత్రంలో గిరిజనుల వేట పండగ, ఇటుకల పండగ బాగా జరిగింది. ఆచారం ప్రకారం ఆడవాళ్లు దారికి అడ్డంగా గేట్లు పెట్టి డబ్బు అడగడం కొత్తగా వచ్చినవాళ్లకు అర్థంకాక ప్రతిసారీ గొడవలయ్యేవి. ఈసారి ఆచారం గురించి వివరిస్తూ బోర్డులు పెట్టాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో కాకుండా దారి వెడల్పుగా ఉన్నచోటే గేట్లు పెట్టమని ఊరి పెద్దలను అడిగితే ఒప్పుకున్నారు.

1996లో మొదలైన గిరిజన మ్యూజియానికి పిల్లలను తీసుకెళ్లాం. పెద్దవాళ్లు కూడా వెంట రావడంతో ఏ పనిముట్టు దేనికో అక్కడికక్కడే చెప్పగలిగారు.

చలికాలంలో మాత్రం శిక్షణ నడపలేకపోయాం. 2019లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చాక మన కాఫీకి పేరు పెరిగింది, సంతోషమే. కాఫీ పళ్ల కోత, పర్యాటకుల సీజన్ రెండూ ఒకేసారి వస్తాయి. పగలంతా తోటలో పళ్లు కోసిన ఆడవాళ్లను రాత్రి స్టేజీ ఎక్కమనడం న్యాయం కాదు. వచ్చే ఏడాది నుంచి ఆ నెలల్లో కార్యక్రమాలు తగ్గించి, ఆడినవాళ్లకు ఇచ్చే డబ్బు పెంచాలని కమిటీ అభిప్రాయం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ఓటుకు పెడుతున్నాం. ఒకటి, మన సంఘం పేరుతో జరిగే ఏ ప్రదర్శనలోనూ రికార్డు పాట వాడకూడదు. రెండు, మోరి నేర్చుకునే పిల్లలకూ నేర్పే గురువులకూ నెలనెలా భత్యం ఇవ్వాలి. మీ ఊళ్లో మోరి ఊదే పెద్దాయన ఎవరైనా ఉంటే సమావేశానికి వెంటబెట్టుకుని రండి.

— కార్యదర్శి