మన చెక్కపని సంఘం, కడప: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో సెక్రటరీ నివేదిక చదవాలని మన రూల్సులో ఉంది కాబట్టి చదువుతున్నా, లేకుంటే ఈ టైముకి నేనూ షెడ్డులో ఏదో ఒక పలకకి చిత్రిక పడతా ఉండేవాణ్ణి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకందరికీ తెలుసు, మళ్ళీ చెప్పను.

ముందు థాంక్సులు. చివర్లో చెప్దామంటే భోజనాల వాసనకి సగం మంది లేచిపోతారు, పోయినేడు అదే జరిగింది. షెడ్డుకి అద్దె అడగకుండా ఇంకో ఏడాది వాడుకోండప్పా అన్న సామిల్లు ఓనరు అన్నకి, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిన నెలల్లో మిగతాది తన జేబులో నుంచి కట్టి ఎవరికీ చెప్పొద్దన్న ప్రెసిడెంట్ సారుకి (చెప్పేసినా సారూ, ఏమనుకోవద్దు), ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ పంపే ఇంటికి, రసీదు లేకుంటే రూపాయి కూడా ఇవ్వని ట్రెజరర్ అక్కకి, అందరికంటే ఎక్కువగా బ్రహ్మంగారి మఠం వైపు నుంచి బస్సెక్కి వచ్చి మనకి పని నేర్పిన పెద్ద మేస్త్రీ గారికి. ఆయనకి శాలువా కప్పుతామంటే శాలువా ఎందుకు, మంచి సానరాయి ఉంటే ఇయ్యండి అన్నారు. విశ్వకర్మ జయంతి రోజు, సెప్టెంబర్ 17న, పనిముట్ల పూజ అయినాక అదే ఇచ్చినాము.

ఇంక ఈ ఏడాది చెప్పుకోవాల్సింది లైబ్రరీ బల్లలు. ఒంటిమిట్ట పోయే దారిలో ఒక పల్లెలో పాత మట్టి మిద్దె కూలగొడతా ఉన్నారని, దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలు కట్టెల అడితికి తోలేస్తున్నారని మన సభ్యుడొకాయన ఫోన్ చేసినాడు. పోయి చూస్తే పైన చవుడు మట్టి ఒక కుప్ప, కింద పొగచూరి నల్లగా బొగ్గు మాదిరి ఉన్న దూలాలు. మేస్త్రీ గారు ఏం మాట్లాడకుండా బాడిస తీసుకొని ఒక మూల బొటనవేలంత చెక్కినారు, లోపల బంగారు రంగు టేకు, వాసన కూడా ఇంకా పోలేదు. అన్నీ టేకు కాదులెండి, దంతెల్లో వేప ఉంది, రెండు మూడు నల్లమద్ది, కొన్ని పురుగు తిని పొట్టు అయిపోయినవి. మిద్దె ఆయనతో మాట్లాడితే, ఊర్లో పిల్లోళ్ళకి పనికొచ్చేది చేస్తే అడితి రేటు కూడా వద్దన్నాడు. ఊరి లైబ్రరీ గదిలో పిల్లోళ్ళు నేల మీద కూర్చొని చదువుకుంటున్నారని అప్పుడే తెలిసింది.

పాత కర్రతో వచ్చే తలనొప్పి మేకులు. పైకి కనపడవు, తల విరిగిపోయి లోపల తుప్పు పట్టి ఉంటాయి, చిత్రిక పట్టే మిషన్, అదే ప్లేనర్, దాని బ్లేడుకి ఒక్కటి తగిలినా బ్లేడు పోయినట్టే. అందుకే పాత కర్ర అంటే మిషన్ల వాళ్ళు మొదట ముట్టుకోరు. మనోళ్ళు పాత స్పీకర్లలో నుంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి దూలం పొడుగునా అంగుళం అంగుళం వేలాడదీసి, ఎక్కడ లాగితే అక్కడ చాక్‌పీసుతో గుండ్రం గీసి, మేకు చుట్టూ సన్న ఉలితో చెక్కి పటకారతో పీకినారు. నల్లమద్దిలో మేకు ఉన్న చోటల్లా నల్ల మరక పడి ఉంటుంది, అది చూస్తే అయస్కాంతం కూడా అక్కర్లేదు. ఇది చాలా విసుగు పని, ఎండలో చేసినారు, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లోళ్ళే ఎక్కువ చేసినారు.

బల్ల కాళ్ళకీ అడ్డపట్టీలకీ ఇనప మేకు, స్క్రూ లేకుండా బెజ్జం కూసం, అంటే ఒక కర్ర కొన సన్నగా చెక్కి (అది కూసం) ఇంకో కర్రకి కొట్టిన బెజ్జంలో దూర్చే అతుకు, వేయాలని మేస్త్రీ గారు పట్టుబట్టినారు. కర్ర మందంలో మూడో వంతు కూసానికి, మిగతాది రెండు పక్కలకి, అది లెక్క. ఆయన చూపించిన కిటుకు మాత్రం మనలో చానా మందికి కొత్త. కాలికి అడ్డంగా వెదురు మేకు కోసం బెజ్జం వేసి, కూసం లోపల పెట్టి గుర్తు పెట్టుకొని, బయటికి తీసి కూసంలో వేసే బెజ్జాన్ని ఆ గుర్తు మీద కాకుండా భుజం వైపు, అంటే కూసం మొదట్లో కర్ర మందం మొదలయ్యే అంచు వైపు, ఒకటిన్నర మిల్లీమీటరంత జరిపి వేయాలి. తర్వాత ముక్కు చెక్కిన వెదురు మేకు కొడితే అది వంకరగా దూరుకుంటా కూసాన్ని లోపలికి లాగుతుంది. ఆయన కొయ్యసుత్తితో కొడతా ఉంటే భుజం దగ్గర ఉన్న సందు మా కళ్ళ ముందే మూసుకపోయింది, ఫెవికాల్ చుక్క లేదు. మన ఇంజనీర్ సభ్యుడు కాగితం దూర్చి చూసినాడు, దూరలేదు.

పై పలకలు మాత్రం గట్టిగా బిగించలేదు, కావాలనే. ఇది ఆదివారం క్లాసుల్లో అందరం వాదించుకున్న విషయమే. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో తేమ 6 శాతం దగ్గరకి దిగుతుంది, 65 శాతం ఉంటే 12 దాకా ఎక్కుతుంది. మన కడప ఎండలకీ నవంబర్ ముసురుకీ మధ్య తేడా మీకు చెప్పాల్నా. మూడడుగుల వెడల్పు టేకు పలక ఆ తేడాకి అర సెంటీమీటరు పైనే అటూ ఇటూ అవుతుంది, పొడుగులో మాత్రం దాదాపు ఏమీ కదలదు. అందుకని ఫ్రేములో గుండ్రటి బెజ్జాలకి బదులు పొడుగు బెజ్జాలు కొట్టి, పలక జరగడానికి తావిచ్చి స్క్రూలు వేసినాము. వానాకాలంలో చేయించి కదలకుండా బిగించేసిన డైనింగ్ టేబుల్ మే నెలలో టప్పుమని పగిలిందని ఫోటోలు పెట్టే సభ్యులు ఈ పేరా రెండుసార్లు చదువుకోవల్ల.

ప్రారంభం గురించి కూడా చెప్పాల. ఒక ఆఫీసరు సారు తప్పకుండా వస్తానన్నారని ఫ్లెక్సీలో ఫోటో వేయించినాము, డేటు ఆయన కోసమే మార్చినాము, మళ్ళీ మార్చినాము. ఆ పొద్దు మధ్యాహ్నం దాకా చూసినాము, డ్రైవరు కూడా ఫోన్ ఎత్తలేదు. చివరికి మిద్దె ఇచ్చినాయన వాళ్ళమ్మ చేత రిబ్బన్ కత్తిరించినాము. ఆమె బల్లలో వాళ్ళింటి దూలం ఏదో గుర్తుపట్టింది, అప్పుడెప్పుడో ఉయ్యాల గొలుసు రాసుకున్న గాడి ఒకటి అడ్డపట్టీలో అట్లే వదిలేసినాము కదా, దాన్ని చూసి. ఆఫీసరు వచ్చుంటే ఆయమ్మని ఎవరూ పిలిచేవాళ్ళు కూడా కాదు. షెడ్డు పక్కన ఉన్న ఖాళీ గది కోసం ఇంకో ఆఫీసులో పెట్టిన అర్జీ మాత్రం అక్కడే ఉంది, పోయినప్పుడల్లా ఫైల్ పైన ఉంది అంటారు, ఆ పైన అనేది ఎక్కడో మాకు తెలీదు.

మన వాళ్ళ గురించి కూడా అనకపోతే తప్పు. గ్రూపులో బల్లల ఫోటో పెడితే చేతులు జోడించే బొమ్మలు, పువ్వులు, సూపర్ అన్నా అనేవి లెక్కలేనన్ని. అదే దూలాలు లారీలో నుంచి దించాల, రండి అని పెడితే అందరికీ ఆ పొద్దే పెళ్ళిళ్ళు. నడుము నొప్పి ఉంటే పర్వాలేదు, వచ్చి చాక్‌పీసు పట్టుకున్నా పనే.

మిగతా క్లాసులు గబగబా చెప్తా. పదును పట్టడం క్లాసుకి మాత్రం బాగా వచ్చినారు. ఖరీదైన రాళ్ళు కొనక్కర్లేదు, మన కడప నాపరాయి పాలిష్ ముక్క తీసుకొని స్టీలు స్కేలు నిలబెట్టి కింద వెలుతురు రాకుంటే సమంగా ఉన్నట్టు, దాని మీద నీళ్ళతో వాడే ఉప్పుకాగితం అంటించి ఉలి రుద్దొచ్చు, వాలు 25 డిగ్రీలు, కొన మాత్రం 30. ఉలి పదును లేకుండా చెక్కలో గాడి కొట్టే కొత్త రౌటర్ మిషన్ ఏది కొనాలి అని అడిగేవాళ్ళకి నేను జవాబు చెప్పడం మానేసినా. సంగటి కట్టెలు, పప్పుగుత్తులు చేసే క్లాసుకి ఆడవాళ్ళు ఎక్కువ మంది వచ్చినారు, చింత చేవతో చేసినవి బాగా కుదిరినాయి. వాటికి వార్నిష్ వద్దు, శెనిగ నూనె కూడా వద్దు, కొన్నాళ్ళకి ముక్కిపోయిన వాసన వస్తుంది, అవిసె నూనె పల్చగా పూసి బాగా ఆరనిస్తే చాలు.

ఆ నూనె గుడ్డల గురించి ఒక హెచ్చరిక. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, తుడిచిన గుడ్డ ఉండ చుట్టి మూలన పడేస్తే దానంతటదే అంటుకోవచ్చు. షెడ్డు నిండా రంపపు పొట్టు. వాడిన గుడ్డ బయట దండెం మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్టులో వేయండి.

ఇంకోటి, ఎర్రచందనం. ఈ చెట్టు సహజంగా పెరిగేది మన శేషాచలం, లంకమల, పాలకొండ, వెలిగొండ వైపు కొండల్లోనే, అందుకే ఎవరో ఒకరు చిన్న ముక్క ఉందన్నా, పెన్ను చేద్దామా అంటారు. చిన్నదైనా పెద్దదైనా కాగితాలు లేని ముక్క షెడ్డు గడప దాటకూడదు. పొలంలో వేరే చెట్టు కొట్టాలన్నా వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి తీసుకొనే కొట్టండి.

లెక్కలు ట్రెజరర్ అక్క జిరాక్స్ తీసి కుర్చీల మీద పెట్టింది, చూసుకోండి. వచ్చింది చందాలతో, పోయింది బ్లేడులకి, కరెంటుకి, లారీ బాడుగకి. మిగిలింది కొంచెమే. అడగాలనుకున్నవాళ్ళు ముందు వాళ్ళ చందా కట్టినారో లేదో చూసుకొని అడగండి.

వచ్చే ఏడాదికి సెకండ్‌హ్యాండ్ తరిణ (కర్రని తిప్పుతా గుండ్రంగా చెక్కే మిషన్) ఒకటి చూసినాము, కుదిరితే ఎండాకాలం సెలవల్లో పిల్లోళ్ళకి బొంగరాలు పట్టడం నేర్పిస్తాం. షెడ్డు క్లాంపులు ఇంటికి తీసుకుపోయినవాళ్ళు వచ్చే ఆదివారం తెచ్చి ఇచ్చేయండి, ఎవరెవరి దగ్గర ఉన్నాయో నాకు తెలుసు, ఇక్కడ పేర్లు చదవడం బాగుండదని ఆగినా.

ఇట్లు,
సెక్రటరీ