ఆగస్టు 19న శాలువాలు వద్దు, బిల్లు టైముకి కట్టండి చాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రతి ఏడాదీ ఆగస్టు 19 వచ్చిందంటే మీ పేపర్లో, మీదే కాదు లెండి అన్ని పేపర్లలోనూ, ఫొటోగ్రఫీ దినోత్సవం అని ఒక పేజీ వస్తుంది. పాత కెమెరాల బొమ్మలు, క్షణాన్ని బంధించే కళాకారులు అని నాలుగు మంచి మాటలు, ఏదో ఒక హాల్లో సీనియర్లకి శాలువాలు కప్పుతున్న ఫొటో. సంతోషమే, కాదనను. కానీ 1839లో ఆ రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగేర్ అనే ఆయన కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని ప్రపంచానికి ఫ్రీగా ఇచ్చేసింది అని రాస్తారు కదా, దాని ముందు జరిగింది మాత్రం ఎవరూ రాయరు. డాగేర్‌కి ఏడాదికి 6,000 ఫ్రాంకులు, ఆయన పార్ట్‌నర్ నియెప్స్ అప్పటికే పోయాడు కాబట్టి వాళ్ళబ్బాయికి 4,000 ఫ్రాంకులు, జీవితాంతం పింఛను ఇచ్చేట్టు ముందు చట్టం చేసి, ఆ తర్వాతే పద్ధతి బయటపెట్టారు. పేమెంట్ సంగతి తేలాకే డెలివరీ అన్నమాట. మరి మా దగ్గర ఇది ఎప్పుడు తిరగబడిందో గానీ ఇప్పుడు డెలివరీ ఇచ్చాక పేమెంట్ కోసం మేం తిరగడమే పని.

నేను విజయవాడలో కమర్షియల్ ఫొటోలు, వీడియోలు చేస్తాను. పెళ్ళిళ్ళు కాదు. ఈ మాట చెప్తే చాలామందికి అర్థం కాదు, మరి దేని ఫొటోలు తీస్తావు బాబూ అంటారు. బట్టల షాపుల కలెక్షన్లు, నగలు, హోటళ్ళ మెనూలు, ఆసుపత్రుల వీడియోలు, ఫ్యాక్టరీలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, అదీ సంగతి. మూఢం వచ్చిందంటే పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఖాళీ, మాకు ఆ బాధ లేదు, ఆషాఢంలో మాకు చేతినిండా పని, శ్రావణమాసం ఆఫర్లకీ దసరా కలెక్షన్‌కీ ఫొటోలు అప్పుడే తీయాలి కాబట్టి. కానీ పెళ్ళి ఫొటోగ్రాఫర్లకున్న ఒక్క ధైర్యం మాకు లేదు. ఆల్బమ్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది, బాలెన్స్ ఇస్తేనే ఆల్బమ్. మేం ఒకసారి డ్రైవ్ లింక్ పంపామా, ఇక మా ఫోన్ ఎత్తే వాడు ఉండడు. పోనీ వాటర్‌మార్క్ వేసి తక్కువ క్వాలిటీలో ప్రివ్యూ పంపుదాం అంటే, ఆ వాటర్‌మార్క్‌తోనే వీడియోని వాట్సాప్ స్టేటస్‌ల్లో, షాపు టీవీలో వేసేసుకున్న మహానుభావులున్నారు!

అసలు ఈ పనిలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో బయటివాళ్ళకి కనపడదు, అందుకే ఒక్క బిందె సంగతి చెప్తాను. వన్ టౌన్‌లో సామాన్ల షాపు వాళ్ళు ఆన్‌లైన్‌లో అమ్మడానికి స్టీలు బిందె ఫొటో అడుగుతారు. ఫోన్‌తో తీసినా వస్తుంది కదా అంటారు, వస్తుంది, కానీ అందులో బిందె కంటే తీసినవాడే ఎక్కువ కనిపిస్తాడు. స్టీలు అంటే అద్దమే, గదిలో ఫ్యాను, ట్యూబ్‌లైటు, తలుపు, కెమెరా పట్టుకున్న మన మొహం అన్నీ వంకరగా దాని పొట్ట మీద ఉంటాయి. అందుకని బిందె చుట్టూ తెల్లబట్టతో గుడారం లాగా కట్టి, బయటనుంచి లైట్లు కొట్టి, లెన్స్ దూరేంత కన్నం మాత్రం పెడతాం. అంతా తెల్లగా అయితే మళ్ళీ బిందె ఆకారం తెలియదు, అంచులు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి, అందుకని రెండు పక్కలా సన్నటి నల్ల అట్ట పట్టీలు నిలబెడితే అప్పుడు అంచు మీద ఒక నల్లగీత పడి గుండ్రంగా కనిపిస్తుంది. గ్లోవ్స్ లేకుండా ముట్టుకుంటే వేలిముద్రలు, తుడిస్తే నూలు పీచు, ఇవన్నీ తర్వాత ఫొటోషాప్‌లో ఒక్కోటీ తీయాలి. ఇదంతా అయ్యాక షాపాయన ఫొటో చూసి "బానే ఉందిగానీ బిందెకి ఇంత రేటేంటయ్యా, బిందే అంత లేదు" అన్నాడు. నవ్వొచ్చింది, ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, కానీ ఆ ఒక్క ఫొటోతో ఆయన ఎన్ని బిందెలు అమ్ముతాడో ఆ లెక్క కూడా వెయ్యాలి కదండీ. ఈమధ్య ఇంకో మాట మొదలైంది, ఏఐలో కొడితే వచ్చేస్తుందట కదా అని. వస్తుంది, మీ షాపులో లేని బిందె వస్తుంది.

చీరలదింకో బాధ. మోడల్, మేకప్ ఆవిడ, చీర కట్టే అమ్మాయి, అసిస్టెంటు, లైట్ల అద్దె, లెన్స్ అద్దె, వీళ్ళందరికీ సాయంత్రం ప్యాకప్ చెప్పగానే డబ్బులు ఇచ్చేయాలి. ఇవ్వాల్సిందే కూడా, చీర కట్టే అమ్మాయికి రెండు నెలలు ఆగమ్మా అని ఏ మొహంతో చెప్తాం. అంటే షూటింగ్ ఖర్చు మొత్తం అదే రోజు నా జేబులోంచి పోతుంది, షాపు వాళ్ళిచ్చిన అడ్వాన్సు అందులో సగానికి కూడా చాలదు. మిగతాది ఎప్పుడంటే సార్ ఊళ్ళో లేరు, అకౌంట్స్ అతను లీవు, చెక్కు మీద పెద్దాయన సంతకం కావాలి, ఆషాఢం అయ్యాక రండి, పండగ అయ్యాక రండి. ఆ షాపు ఏమన్నా నష్టాల్లో ఉందా అంటే అదీ కాదు, హైవే మీద హోర్డింగుల్లో నేను తీసిన ఫొటోనే నలభై అడుగుల్లో నవ్వుతూ ఉంటుంది. హోర్డింగ్ అద్దె ముందే కట్టాలి కాబట్టి కట్టారు. ప్రింటింగ్ వాడు డబ్బులిస్తే గానీ ఫ్లెక్సీ ఇవ్వడు కాబట్టి కట్టారు. మిగిలినవాణ్ణి నేను.

దీనికి తోడు జీఎస్టీ. టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, పెద్ద క్లయింట్లయితే అది లేకపోతే లోపలికే రానివ్వరు. లక్ష రూపాయల పనికి బిల్లు వేస్తే 18 వేలు ట్యాక్సు, నెలనెలా రిటర్న్ వేసేవాళ్ళయితే తర్వాతి నెల 20కల్లా కట్టేయాలి, క్లయింటు నాకిచ్చాడా లేదా అన్నది గవర్నమెంటుకి అనవసరం. బిల్లు వేశావా, కట్టు. అంటే రాని డబ్బుకి ట్యాక్సు నేను ఎదురు కడుతున్నా. బిల్లు వేయకపోతే వాళ్ళు బిల్లు ఏదీ అంటారు, వేస్తే ఇదీ పరిస్థితి.

సరే, ఈ ఏడుపు అందరికీ ఉన్నదే, నేను ఉత్తరం రాస్తున్నది దీనికి కాదు. మాకు ఒక చట్టం ఉంది, అది ఉన్నట్టు మాలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు కూడా అది ఫ్యాక్టరీలకి కదా మనకెందుకు అనుకుంటారు. 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకున్న సర్వీసు వాళ్ళకి కూడా అది వర్తిస్తుంది, ఫొటో స్టూడియో అయినా, ఒక్కడే కెమెరా భుజానేసుకుని తిరిగేవాడైనా. దాని ప్రకారం రాతపూర్వకంగా గడువు అనుకుంటే ఆ గడువులోపు, అది కూడా 45 రోజులు మించకుండా, ఏమీ రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. క్లయింటు నా దగ్గర 90 రోజులు అని సంతకం పెట్టించుకున్నా ఆ 90 చెల్లదు.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది అందులో. పని అందాక అభ్యంతరం ఉంటే 15 రోజుల్లోపు రాసి చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇది మా వీడియో వాళ్ళ కోసమే రాశారేమో అనిపిస్తుంది, ఎందుకంటే మా బాలెన్స్ ఆగిపోయేది కరెక్షన్ల దగ్గరే. లోగో ఇంకొంచెం పెద్దది చెయ్యండి, మ్యూజిక్ మార్చండి, సినిమా పాట పెట్టండి (పెడితే హక్కులున్న కంపెనీ నోటీసు ఎవరికొస్తుందో అడగరు), ఎండీ గారి అబ్బాయి కూడా కనిపించాలి. ఒక ఆసుపత్రి వాళ్ళకి వీడియో ఇచ్చాను, వాళ్ళు యూట్యూబ్‌లో పెట్టుకున్నారు కూడా, రెండు నెలల తర్వాత బాలెన్స్ అడిగితే "అందులో ఉన్న గుండె డాక్టర్ గారు వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయారండి, ఆయన్ని తీసేసి కొత్తాయన్ని పెట్టి ఇవ్వండి, అప్పుడు క్లోజ్ చేద్దాం" అన్నారు. డాక్టర్ ఉద్యోగం మారితే అది నా వీడియోలో తప్పా! మళ్ళీ ఆపరేషన్ థియేటర్ ఖాళీ చేయించి, లైట్లు పట్టుకెళ్ళి, ఆయన చేత అవే మాటలు చెప్పించి, వాయిస్ సరిచేసి, ఇది కరెక్షన్ కాదు ఇంకో షూటింగ్. ఇలాంటప్పుడు ఆ 15 రోజుల మాట చాలా పనికొస్తుంది.

2023 ఫైనాన్స్ యాక్టుతో ఇంకో రూలు తెచ్చారు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు. మాలాంటి చిన్నవాళ్ళకి ఆ గడువులోపు డబ్బు కట్టకపోతే, కట్టిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చుని ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చూపించుకోవడానికి లేదు. అప్పట్నుంచి ఏడాదంతా ఫోన్ ఎత్తని అకౌంట్స్ వాళ్ళు మార్చి నెలలో తమంతట తామే ఫోన్ చేసి "మీ ఉద్యమ్ సర్టిఫికెట్ ఉందాండీ, ఆడిటర్ గారు అడుగుతున్నారు" అంటున్నారు. ఆడిటర్ చెప్తే వినేవాళ్ళు ఫొటోగ్రాఫర్ చెప్తే ఎందుకు వినరో మరి. దీనికీ ఒక విరుగుడు కనిపెట్టారనుకోండి, ఉద్యమ్ లేనివాళ్ళకే పని ఇద్దాం అని.

కంప్లైంట్ ఇవ్వడానికి సమాధాన్ అని ప్రభుత్వ పోర్టల్ 2017లో వచ్చింది, ఇలా ఆన్‌లైన్‌లో వేస్తే అది ఈ బాకీల పేచీలు తేల్చే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. కౌన్సిల్ మనవైపు తీర్పిస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయాలనుకున్న క్లయింటు ముందు 75 శాతం డబ్బు డిపాజిట్ చేయాలి. కాగితం మీద ఇంత బలం ఉంది. మరి మావాళ్ళు ఎందుకు వాడరంటే భయం. ఒకసారి కంప్లైంట్ ఇస్తే షాపులన్నీ ఉండే బీసెంట్ రోడ్డు మొత్తం తెలిసిపోతుంది, అతనితో పెట్టుకోకండి కేసులేస్తాడు అని, ఇంకో షాపు పని ఇవ్వదు. ఇది నిజమైన భయమే, నేను కొట్టిపారెయ్యను. అందుకే కంప్లైంట్ దాకా పోకముందే, కొటేషన్లోనే ఒక లైను, ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు అని ప్రింటు వేసి, ఉద్యమ్ నంబరు బిల్లు నెత్తిన పెడితే సగం బాలెన్సులు అవే కదులుతాయి.

మావాళ్ళ తప్పులు లేవా అంటే చాలా ఉన్నాయి. కొటేషన్ ఉండదు, పని మొత్తం వాట్సాప్ వాయిస్ మెసేజీల్లో ఒప్పుకుంటారు, ఎన్ని కరెక్షన్లో రాయరు, పక్కవాడి పని లాక్కోవడానికి డ్రోన్ ఫ్రీ అంటారు. గన్నవరం ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల వెంచర్ మీద డ్రోన్ ఎగరెయ్యాలంటే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో అది ఏ జోనో చూసుకోవాలి, పర్మిషన్ కావాలి, 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయి, వెంచర్ ఆయన "ఐదు నిమిషాలే కదా తమ్ముడూ" అంటాడు, పోలీసులొస్తే తమ్ముడే వెళ్ళాలి. అంత రిస్కున్న పనిని ఫ్రీ అనడం ఏంటో.

ఇంకో పెద్ద అపోహ, ఫొటో తీసినవాడిదే కాపీరైట్ అని. డబ్బు తీసుకుని ఇంకొకరు చెప్తే తీసిన ఫొటోకి, వీడియోకి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు చేయించుకున్నవాడే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17లో ఉంది. డబ్బులివ్వకపోతే ఫొటో వాడనివ్వను అని బెదిరించేవాళ్ళు ముందు ఇది చదవాలి. పూర్తి పేమెంట్ అందాకే హక్కులు బదిలీ అవుతాయి, అప్పటిదాకా నావే అని పని మొదలయ్యే ముందే రాయించుకుని సంతకం తీసుకుంటే అప్పుడు ఆ బెదిరింపుకి కాస్త అర్థం ఉంటుంది. రా ఫుటేజ్ (ఎడిట్ చేయని అసలు వీడియో) కూడా అంతే, ఎన్నాళ్ళు దాస్తామో రాయాలి. 100 ఎంబీపీఎస్‌లో 4కే తీస్తే గంటకి 45 జీబీ, దాన్ని రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి ఏళ్ళతరబడి కాపలా కాయడానికి ఎవరూ పైసా ఇవ్వరు, కానీ మూడేళ్ళ తర్వాత అడిగితే మాత్రం ఉండాలి.

కాబట్టి ఎడిటర్ గారూ, వచ్చే ఆగస్టు 19న ఆ పేజీలో పాత కెమెరా బొమ్మని కాస్త చిన్నది చేసి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఎలా చేసుకోవాలి (గవర్నమెంటు సైటులో పూర్తిగా ఫ్రీ, డబ్బులడిగే సైట్లన్నీ బ్రోకర్లవి, అదీ పని ఒప్పుకోక ముందే చేయించుకోవాలి, తర్వాత చేయించుకుంటే పేచీలొస్తాయి), ఆన్‌లైన్‌లో కంప్లైంట్ ఎలా వేయాలి, మామూలు కొటేషన్ ఎలా ఉండాలి, ఈ మూడూ తెలుగులో ఒక అరపేజీ వెయ్యండి. మన రాష్ట్రంలో కౌన్సిల్ దగ్గర ఇలాంటి కేసులు ఎన్ని పెండింగ్ ఉన్నాయో, ఎన్నాళ్ళకి తేలుతున్నాయో మీ రిపోర్టర్ ఒకరు పరిశ్రమల శాఖ వాళ్ళని అడిగి రాస్తే ఇంకా మంచిది, చట్టంలో 90 రోజులని ఉంది మరి. అలాగే పేపర్లకి ఫొటోకి ఇంత అని లెక్కన పనిచేసే జిల్లాల కుర్రాళ్ళు కూడా ఈ చట్టం కిందికి వస్తారేమో ఆ రిపోర్టర్ గారే కనుక్కుంటే బాగుంటుంది.

ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వేయకండి. నా క్లయింట్లు మీ పేపరే వేయించుకుంటారు, ఇద్దరి దగ్గర ఇంకా బాలెన్స్ రావాలి.

— ఒక కమర్షియల్ ఫొటోగ్రాఫర్, విజయవాడ