శాఖా గ్రంథాలయ పాఠకుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభకు నమస్కారం. అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ ఏడాది కొత్తగా చేరినవారికి, ఇంత ఎండలోనూ వచ్చిన పెద్దలకు స్వాగతం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా చదువుతారు. దాని ప్రతి మీ కుర్చీల మీద ఉంది. కాబట్టి అంకెల జోలికి వెళ్లకుండా గ్రంథాలయంలో ఏడాదంతా ఏం జరిగిందో, మనం ఏం చేశామో, ఇంకా ఏం చేయాల్సి ఉందో చెబుతాను.

ముందు ఒక ఫిర్యాదు సంగతి. కార్యవర్గంలో ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువసేపు చర్చకు వచ్చింది అదే. అక్టోబరు సమావేశానికి ఒక సభ్యుడు కాగితం రాసిచ్చారు: లైబ్రేరియన్ గారు డ్యూటీ టైములో నవలలు చదువుకుంటున్నారని. వారు మన పాత సభ్యులు, గ్రంథాలయం మీద అభిమానంతోనే రాశారు. అందుకే కాగితాన్ని పక్కన పడేయకుండా అందరం కూర్చుని మాట్లాడాం, జవాబు కూడా రాసే ఇచ్చాం. ఆ జవాబు సభ్యులందరికీ తెలియాలి. చదవడం ఆవిడ ఉద్యోగంలో భాగమని, ఆవిడ చదువుకునే సమయం తగ్గిపోతుంటే మనం కంగారు పడాలని కార్యవర్గం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

అసలు ఆవిడకు చదివే తీరిక ఎక్కడుందో చూద్దాం. ఉదయం వచ్చే పెద్దలకు ఆవిడ పనిలో సగం తెలుసు, సాయంత్రం వచ్చే విద్యార్థులకు సగం తెలుసు. మొత్తం చూసినవాళ్లు తక్కువ. మన శాఖ ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటుంది, శుక్రవారం సెలవు. తాళం తీసేసరికే దినపత్రికల కోసం నలుగురైదుగురు అరుగు మీద కూర్చుని ఉంటారు. ప్రతి పత్రిక మీదా ముద్ర వేయాలి, రిజిస్టరులో ఎక్కించాలి, కాగితాలు విడిపోకుండా పిన్ను కొట్టి బల్ల మీద పెట్టాలి. తర్వాత తిరిగొచ్చిన పుస్తకాలు, వాటి కార్డులు, గడువు దాటినవాటి లెక్క. నెలాఖరుకు ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇచ్చారు అని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి నివేదిక పంపాలి.

కొత్త పుస్తకాల కట్ట వచ్చిందంటే ఒక్కో పుస్తకానికీ బోలెడంత చాకిరీ. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరులో వరుస సంఖ్య వేయాలి. అదే సంఖ్యను పేరు పేజీ మీద, లోపల ముందే అనుకున్న ఇంకో పేజీ మీద కూడా రాయాలి. ఎవరైనా మొదటి పేజీ చింపేసినా పుస్తకం మన గ్రంథాలయానిదేనని ఆ లోపలి సంఖ్య చెబుతుంది. వెన్ను మీద చీటీ, లోపల పాకెట్టు, కార్డు, తేదీల కాగితం అంటించాలి. ఏ అరలోకి వెళ్లాలో నంబరు వేయాలి. తెలుగు సాహిత్యం 894.827, వైద్యం 610, వ్యవసాయం 630, చేపలూ రొయ్యల పెంపకం 639. ఈ నంబరు వేయాలంటే పుస్తకం దేని గురించో తెలియాలి. అట్ట చూసి నంబరు వేస్తే, పంటచేల మధ్య జరిగే నవల వ్యవసాయం అరలోకి పోయి అక్కడే దుమ్ము కొట్టుకుపోతుంది. ఇంత పనికీ మన శాఖలో ఉన్నది ఆవిడ ఒక్కరే, ఊడ్చే పనికి పార్ట్‌టైమ్ మనిషి ఒకామె. దీనికి తోడు ఈ ఏడాది కొన్ని నెలలు పక్క ఊరి శాఖకు కూడా ఆవిడే ఇన్‌చార్జి. అటు వెళ్లిన పూటల్లో మన తలుపు మూసే ఉంది. ఆ నెలల్లో చదివే తీరిక దొరక్క ఆవిడ ఎంత ఇబ్బంది పడ్డారో దగ్గరుండి చూశాం.

ఆవిడ చదువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆవిడ బల్ల సొరుగులో పొడుగాటి రూళ్ల నోటుబుక్కు ఒకటి ఉంటుంది. ఆవిడ అనుమతితోనే కార్యవర్గం దాన్ని చూసింది. చదివిన ప్రతి పుస్తకానికీ అందులో మూడు నాలుగు పంక్తులుంటాయి. కథ రాయరు, తీర్పు చెప్పరు. అక్షరాలు ఎంత పెద్దవి, భాష ఏ ప్రాంతానిది, మొదటి ముప్పై పేజీలు నెమ్మదిగా నడుస్తాయా, పిల్లలు పోయినవాళ్లకు ఇవ్వకూడని ఘట్టం ఏమైనా ఉందా, ఇలాంటివి రాస్తారు. ఒక పేజీలో ‘చిన్న అధ్యాయాలు, కుట్టు మిషను మధ్యలో ఆపి చదువుకోవచ్చు’ అని ఉంది. అది మెయిన్ రోడ్డులో టైలరింగ్ చేసుకునే మన సభ్యురాలిని దృష్టిలో పెట్టుకుని రాసిందని చదవగానే అందరికీ అర్థమైంది. ఆమె ఈ ఏడాది మన శాఖలో ఎక్కువ నవలలు తీసుకెళ్లినవారిలో ఒకరు.

ఇంకో పేజీలో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల పుస్తకాల జాబితా ఉంది. మాస్కోలో తెలుగులో అచ్చయి, చవకగా మన ఊళ్ల దాకా వచ్చిన పుస్తకాలు. చాలా పాత శాఖల్లో ఉన్నట్టే మన బీరువాలోనూ కొన్ని మిగిలాయి. వీటిలో పిల్లల బొమ్మల పుస్తకాలేవో, పదో తరగతి పిల్లలు చదవగలిగినవేవో, పెద్దలకే పనికొచ్చేవేవో ఆవిడ విడదీసి పెట్టుకున్నారు. అంతకుముందు అన్నీ ఒకే కట్టగా తాడు కట్టి ఉండేవి, ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు అందులో సగం ఇళ్లల్లో తిరుగుతున్నాయి.

డిసెంబరులో రొయ్యల చెరువులు చేసే కుర్రాడొకడు వచ్చాడు. గ్రంథాలయం గడప తొక్కడం అదే మొదటిసారట. తెల్లమచ్చల వ్యాధి గురించి తెలుగులో ఏమైనా ఉందా అని అడిగాడు, వెళ్లిపోయేందుకు సిద్ధంగా గుమ్మంలోనే నిలబడి. ఆవిడ 639 అరకు తీసుకెళ్లి రెండు పుస్తకాలు తీశారు. ఒకటి పాతదని, నీటి యాజమాన్యం వరకే పనికొస్తుందని, వ్యాధుల భాగానికి రెండోదే చూడమని చెప్పారు. పిల్లలు చెరువులో వేయకముందే పరీక్ష చేయించాలని రాసిన పేజీ తీసి చూపించారు. ఇక్కడ పిల్లలంటే రొయ్య పిల్లలే. ఆ అబ్బాయి ఇప్పుడు సభ్యుడు, ఈ సభలో వెనక వరసలో ఉన్నాడు. ఆ పుస్తకాలు ఆవిడ ముందే తిరగేసి ఉండకపోతే ఈ పని జరిగేది కాదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్న రెండూ మనకు నోటికొచ్చినవే. ఆ రెండింటినీ కలిపే మనిషి కౌంటరు వెనక కూర్చుని ఉంటుంది. ఆవిడ చదువుతుంటేనే ఆ కలపడం కుదురుతుంది. ఫిర్యాదు ఇచ్చిన సభ్యుడు ఈ జవాబుతో తృప్తిపడ్డారు, పైగా వారానికి రెండు సాయంత్రాలు కౌంటరు దగ్గర సాయం చేస్తానని ముందుకొచ్చారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక వానల సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చిన రోజులు మన బాపట్ల జిల్లాలో ఎవరూ మరచిపోలేరు. కొల్లూరు, రేపల్లె వైపు లంకల్లో జనం పడిన కష్టంతో పోలిస్తే మనది చెప్పుకోదగ్గది కాదు. కానీ కప్పు కారి, గోడ వెంట నీళ్లు దిగి, కింది అరల్లోని పుస్తకాలు తడిశాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఆ రాత్రి కబురందగానే వచ్చి, కింది అరలన్నీ బల్లల మీదికి ఎత్తారు. తడిసినవాటిని ఎండలో పెట్టబోతే లైబ్రేరియన్ గారు ఆపారు. ఎండకు అట్టలు వంకర పోతాయట. పుస్తకాలను విసనకర్రలా తెరిచి నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టించారు. పేజీల మధ్య పాత పత్రికల కాగితాలు పెట్టి, అవి తేమ పీల్చగానే మార్పించారు. మన వైపు సముద్రపు గాలికి మామూలు రోజుల్లోనే బూజు, చెదలు తప్పవు. కలరా ఉండలు, వేపాకు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటాయి. కొన్ని పుస్తకాలు పోయాయి, చాలావరకు దక్కాయి.

దక్కినవాటి కోసమే జనవరిలో బైండింగ్ శిబిరం పెట్టాం. సంఘం ఖర్చులో పెద్ద భాగం దానికే వెళ్లింది, వెళ్లాల్సిందే. పని మానేసి ఇంటి దగ్గర ఉంటున్న ఒక పెద్ద బైండరు గారిని బతిమాలి తీసుకొచ్చాం. వారు మొదటిరోజు పుస్తకం ముట్టుకోనివ్వలేదు, పేస్టు ఉడికించడం నేర్పించారు. మైదా ఉండ కట్టకుండా చన్నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ, దించేముందు చిటికెడు మైలుతుత్తం వేయాలి. అది విషం కాబట్టి పురుగు రాదు, ఆ కారణంగానే గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు. చిన్నపిల్లలను ఆ పనికి దూరంగా ఉంచాం. చవక కాగితం మీద అచ్చయిన పాత నవలల అంచులు కత్తిరించబోతే వారు ఒప్పుకోలేదు. ‘చుట్టూ ఉన్న తెల్లజాగా ఇంతే. నువ్వు అందం కోసం కోస్తే రేపు ఇంకొకడు మళ్లీ కట్టేటప్పుడు అక్షరాలు పోతాయి’ అన్నారు. వెన్నుకు కాలికో గుడ్డ వేసి, అంచులు అలాగే ఉంచి కట్టారు. మన శాఖలో చందమామ పాత సంచికల సంపుటాలు ఇప్పుడు గట్టిగా ఉన్నాయంటే వారి చేతి చలవే. కూలి ఇస్తామంటే వద్దన్నారు, శాలువా కూడా వద్దన్నారు. తెలుగు వారపత్రిక ఒకటి ఇంటికి పంపితే చాలన్నారు. వారి పేరున చందా కట్టాం.

పోటీ పరీక్షల పాఠకుల సమస్య కొంతవరకే తీరింది. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లే ఇప్పుడు మన శాఖలో ఎక్కువ. వాళ్లకు కుర్చీలు చాలవు, ప్లగ్ పాయింట్లు చాలవు, నోటిఫికేషన్ వస్తే ఇక టెన్షన్ గది నిండా. కరెంట్ అఫైర్స్ పత్రికల్లో పేజీలు చిరిగిపోతున్నాయని ప్రతి ఏడాదీ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి జెరాక్స్ ఖర్చు సంఘం పెట్టుకుంటుందని బోర్డు రాశాక చింపడం బాగా తగ్గింది. పేజీ కావాలంటే కౌంటరులో నంబరు రాసిస్తే చాలు, మర్నాటికి జెరాక్స్ సిద్ధంగా ఉంటుంది.

57వ జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 వరకు ఎప్పటిలా జరిగాయి. పోటీలు, బహుమతులు, ప్రసంగాలు మీరందరూ చూసినవే. గ్రంథాలయ ఉద్యమ నాయకులు అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరగడం గురించి, పాతూరి నాగభూషణం గారు 1935లో మన కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పడం గురించి లైబ్రేరియన్ గారే పిల్లలకు చెప్పారు. పడవ మాట విన్న పిల్లలు మన ఊరి కాలువలో కూడా వచ్చేదా అని అడిగారు, ఆ కాలువలో ఇప్పుడు గుర్రపుడెక్క తప్ప ఏమీ కనపడదు. వారోత్సవాల్లో ఒకరోజు హైస్కూలు పిల్లలను వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్లాం. 1918లో పుట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన చోటు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పిల్లలు కర్ర కంటే పాత పత్రికల సంపుటాల దగ్గర ఎక్కువసేపు ఆగారు. తమ తాతలు పుట్టిన సంవత్సరం పత్రిక ఉందేమోనని వెతుక్కున్నారు.

వేసవి శిబిరం, నెలకోసారి కథ చదివి వినిపించే కూటం సక్రమంగా నడిచాయి. కూటానికి కళ్లు సరిగా కనపడని పెద్దవాళ్లు వస్తున్నారు. చదవడానికి గొంతు బాగున్న యువకులు కావాలి, పేర్లు ఇవ్వండి.

ఒక్క విషయం ప్రతి సభ్యుడూ ఇంటికెళ్లి చేయగలిగింది ఉంది. మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే ఈ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరితేనే మన శాఖకు కొత్త పుస్తకాలు, పత్రికలు, మరమ్మతులు. అది ఆలస్యమైన ఏడాది అరలు అలాగే ఉండిపోతాయి. గ్రంథాలయం ఉచితంగా వస్తోందని అనుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. మనం కట్టిన డబ్బుతో నడుస్తోందని తెలిస్తే అడిగే గొంతు మారుతుంది.

చివరగా సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. సంఘం సభ్యులు వంతులవారీగా సాయంత్రం పూట కౌంటరు దగ్గర కూర్చుని, పుస్తకాలు అరల్లో సర్దడం, పత్రికలు కుదురుగా పెట్టడం, జెరాక్స్ చీటీలు తీసుకోవడం వరకు చూసుకోవాలి. రిజిస్టర్లు, డబ్బు లెక్కలు లైబ్రేరియన్ గారి చేతిలోనే ఉంటాయి. ఇలా మిగిలే సమయంలో కొత్తగా వచ్చే పుస్తకాలు ఆవిడ చదవాలి, నోటుబుక్కులో రాయాలి. ఆ రాతల్లోంచి నెలకు ఒక పేజీ నోటీసు బోర్డు మీద పెట్టడానికి ఆవిడ ఒప్పుకున్నారు. దీంతోపాటు ఖాళీగా ఉన్న సహాయకుడి పోస్టు నింపమని సంస్థకు విజ్ఞాపన పంపాలి, దాని చిత్తుప్రతి తయారుగా ఉంది, సంతకాలకు కాగితం గుమ్మం దగ్గర పెట్టాం. తీర్మానం మీద చర్చ ప్రారంభించవలసిందిగా అధ్యక్షులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి