ఓటుకు పెట్టని లెక్క

ప్రియమైన శేషూ,

నీ రెండు ఉత్తరాలకూ మూడు నెలలు జవాబు రాయకుండా ఊరుకున్నందుకు క్షమించు. ఇక్కడ అందరం కులాసా, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదానికి పరీక్షలు. మిగిలిన కబుర్లు తరువాత. ఈ ఒక్క సంగతి నీకు చెప్పకపోతే ఇవాళ నాకు నిద్ర పట్టేలా లేదు.

యూరో దేశాల బడ్జెట్ నిబంధనల మీద పాఠం చెప్పవలసి వచ్చి వారం రోజులుగా చదువుతున్నాను. లోటు జీడీపీలో 3 శాతం, అప్పు 60 శాతం దాటకూడదన్నది మనం వల్లించినదే. 2001లో యూరోలో చేరిన గ్రీసు అంతకుముందు చూపినవి కాకిలెక్కలని 2004లోనే ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ బయటపెట్టినా, తప్పుడు లెక్కకు జరిమానా వేసే నిబంధన అప్పటికి లేదు. 2009 అక్టోబరులో కొత్త ప్రభుత్వం వచ్చి, ఆ ఏటి లోటు ముందు చెప్పినట్టు 3.7 శాతం కాదు, 12.5 శాతమని ఒప్పుకుంది. మన మెస్సులో వంకాయల పద్దు గుర్తుకు వచ్చిందా? ఆ నెల లెక్క తిరగదోడి సరిచేసినదీ నువ్వే, అందుకు వార్డెను గారి చేత చీవాట్లు తిన్నదీ నువ్వే. ఆ రోజు నీకు స్థిరపడిన పేరు ఉత్తరంలో రాయనులే.

సరిగ్గా నీ గతే పట్టిన మనిషి ఒకరు దొరికారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఆండ్రియాస్ జార్జియు 2010 ఆగస్టులో గ్రీసు గణాంక సంస్థ బాధ్యత తీసుకుని, ఐరోపా నియమాల ప్రకారం లెక్కకట్టి, 2009 లోటు 15.4 శాతమని నవంబరులో తేల్చారు. యూరోస్టాట్ ఆ అంకెను అభ్యంతరం లేకుండా ఒప్పుకుంది. స్వదేశంలో మాత్రం, అప్పు ఇచ్చినవాళ్ల పొదుపు షరతులు దేశం నెత్తిన రుద్దడానికే లోటును పెంచి చూపారంటూ ఆయన మీద కేసులు పెట్టారు. ఒకటి కొట్టివేస్తే మరొకటి. చివరికి 2017లో, లెక్క తప్పని కాదు సుమా, అంకెలను సంస్థ పాలకమండలి ఓటుకు పెట్టకుండా పంపారని, రెండేళ్ల శిక్ష విధించి అమలును నిలిపివేశారు. మరుసటి ఏడు అక్కడి సుప్రీంకోర్టు దానినే ఖాయం చేసింది. లోటు ఎంతో చేతులెత్తి తేల్చడమేమిటి శేషూ!

దొంగలెక్కకు శిక్ష లేదని కాదు. కావాలనో, ఘోరమైన నిర్లక్ష్యంతోనో తప్పుడు అంకెలు ఇచ్చిన దేశానికి జీడీపీలో 0.2 శాతం వరకు జరిమానా వేయవచ్చని 2011లో చట్టం చేశారు. వలెన్సియా ప్రాంతం ఆసుపత్రుల ఖర్చును ఏళ్ల తరబడి పద్దుకెక్కించనందుకు 2015లో స్పెయిన్‌కు 1.89 కోట్ల యూరోలు పడింది. కట్టేది ప్రజల సొమ్ముతోనే అనుకో. ఇక లోటు హద్దు దాటినందుకైతే ఇంతవరకు ఏ దేశమూ పైసా కట్టలేదు. 2003లో జర్మనీ, ఫ్రాన్సుల మీద చర్యను సాటి దేశాల ఆర్థిక మంత్రులే ఆపివేశారు. 2016లో స్పెయిన్, పోర్చుగల్‌లకు వేసిన జరిమానా మొత్తం అక్షరాలా సున్నా.

జార్జియు గురించి రేపు పిల్లలకు చెబితే, ఆయనకు జరిగిన నష్టం ఎవరు తీరుస్తారని మొదటి బెంచీ పిల్ల తప్పకుండా అడుగుతుంది. నేనేమో... అదుగో, టపా తీసుకువెళ్లే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. కవరు అంటించాలి.

నీ
మూర్తి