జన్యు రిపోర్టు చేతికిచ్చే ముందు కూర్చోబెట్టి చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు 76 ఏళ్లు. నాలుగేళ్లుగా అల్జీమర్స్. గోంగూర కట్ట ముందు పెడితే ఆకులు ఒక పక్క, కాడలు ఒక పక్క వేస్తుంది. కాసేపటికి రెండూ కలిపేసి మళ్లీ మొదటి నుంచి ఏరుతుంది. నిన్న వచ్చి వెళ్లిన మనవడు గుర్తుండడు, చిన్నప్పుడు హన్మకొండ ఇంట్లో నీళ్లు తోడిన బావి మాత్రం గుర్తుంటుంది. ఎందుకలా అని అడిగితే డాక్టరుగారు ఎమ్మారై ఫిల్మును లైటుకు పెట్టి హిప్పోకాంపస్ అనే చోటు చూపించారు. కొత్త సంగతులను జ్ఞాపకంగా మలిచేది అదేనట. రెండు వైపులా కుదించుకుపోయి, చుట్టూ నల్లటి ఖాళీ కనిపించింది. మెదడు కణాల బయట అమిలాయిడ్, లోపల టౌ అనే ప్రొటీన్లు పేరుకోవడం మతిమరుపు బయటపడడానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుందని కూడా చెప్పారు.

ఆ మాట మా తమ్ముడి మనసులో పడిపోయింది. వాడికి 47. ఎవరికీ చెప్పకుండా ఒక ప్రైవేటు ల్యాబులో జన్యు పరీక్ష చేయించుకున్నాడు. ఎందుకు చేయించుకుంటున్నావని అడిగినవాళ్లు లేరు. కొన్నాళ్లకు ఫోనుకు పీడీఎఫ్ వచ్చింది. ఏపీవోఈ-4 (అల్జీమర్స్ ముప్పు పెంచే జన్యు రూపం) ఒక కాపీ ఉంది, ముప్పు ఎక్కువ అని ఎర్ర అక్షరాలు. ల్యాబుకు ఫోన్ చేస్తే ‘మీ డాక్టరును అడగండి’ అన్నారట. అప్పటి నుంచి వాడికి సరిగా నిద్ర లేదు. బండి తాళం కనిపించకపోతే చాలు, ‘మొదలైందక్కా’ అని నాకు ఫోన్. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి బయటికి పొక్కితే ఎలా అని మరదలికి టెన్షన్.

పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పేది. ఏపీవోఈ-4 ఒక కాపీ ఉంటే ముప్పు సుమారు రెండు మూడు రెట్లు పెరుగుతుంది, నిజమే. కానీ అది ఉండి కూడా జబ్బు రానివారు ఎందరో, లేకపోయినా వచ్చినవారు ఎందరో. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు సగానికి సగం అవకాశంతో వచ్చి, దాదాపు తప్పకుండా జబ్బు తెచ్చేవి వేరే జన్యువుల్లోని మార్పులు: ఏపీపీ, పీసెన్-1, పీసెన్-2. అలాంటి కుటుంబాలు చాలా అరుదు, మొత్తం కేసుల్లో ఒక శాతం లోపే. వాటిలో జబ్బు చాలాసార్లు 65 ఏళ్లలోపే మొదలవుతుంది. మా అమ్మకు 72లో మొదలైంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో ఆ రిపోర్టులో ఒక్క ముక్క లేదు.

జన్యువు ఒక్కటే అంతా తేల్చదని మన ఊరే చూపించింది. 2013లో ప్రచురితమైన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి అధ్యయనంలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) రోగులను పరిశీలించింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువు రానివారిలోనూ ఇలాంటి ఆలస్యం కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే హైదరాబాదీకి ఇది చిన్న విషయం కాదు. బీపీ, షుగర్ అదుపు, చెవుడుకు వినికిడి యంత్రం, నడక మన చేతిలో ఉన్నవే. తమ్ముడికి ఇవి చెప్పింది నేను. చెప్పాల్సింది ల్యాబు.

లక్షణాలు లేనివారికి ఇలాంటి పరీక్ష చేసే ముందు, రిపోర్టు ఇచ్చేటప్పుడు కౌన్సెలింగ్ తప్పనిసరి చేయాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. అలాగే ఏరియా ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా మతిమరుపును పరీక్షించే మెమరీ క్లినిక్ పెట్టాలి. బీ12 లోపం, థైరాయిడ్ వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది. దాన్ని ముసలితనం అని వదిలేస్తున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జన్యు పరిశోధన సంస్థలు ఉన్న నగరంలో జన్యువుల గురించి తెలుగులో, ఉర్దూలో వివరించేవారిని తయారుచేయడం కష్టం కాదు. ఆ క్లినిక్‌లో వాళ్లకొక కుర్చీ వేయండి.

— ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్