బస్తాకు 75 షిల్లింగులు ఎందుకు పెంచుతున్నామంటే

నైరోబీలో మా బొగ్గు బ్రికెట్లు, అంటే బొగ్గు నుసిని గంజితో ముద్దచేసి ఆరబెట్టిన దిమ్మెలు, వాడుతున్న మన తెలుగు ఇళ్లకూ హోటళ్లకూ కోళ్లఫారాలకూ నమస్కారం.

ఏప్రిల్, మే సరుకు బస్తాలోనే విరిగిందని, పొగ పెట్టిందని చాలామంది చెప్పారు. నిజమే, తప్పు మాది. మార్చి నుంచి మే దాకా ఇక్కడ పెద్ద వానలు. ఎండలో నాలుగు రోజుల్లో ఆరే బ్రికెట్, వానల్లో పది రోజులైనా పైకి గట్టిగా కనిపిస్తూ లోపల తడిగానే ఉంటుంది. ఆర్డర్లు ఆగిపోతాయని అలాగే బస్తాలకెత్తాం.

రెండో లోపం గంజిలో. జల్లించిన బొగ్గు నుసి 100 కిలోలకు కర్రపెండలం పిండి 5 కిలోలు వేస్తాం. పిండిని చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి, తెల్లదనం పోయి గాజులా మెరిసేదాకా ఉడికించాలి. సగం ఉడికిన గంజి ఎంత పోసినా నుసిని పట్టదు. తొందరలో అదే జరిగింది.

ఈ పని చేసినవాళ్లు మా దగ్గర నేర్చుకుంటున్న కుర్రాళ్లు. లోపం వాళ్లది కాదు, గడువుది. ఇలాంటి చిన్న పనిశాలలను ఇక్కడ జువా కాలి అంటారు, మండుటెండ అని అర్థం. మా పనిశాలలో నేర్చుకునే గడువు మూడు నెలలే. డిసెంబరులో చేరినవాళ్లు వానలో ఆరబెట్టడం చూడకుండానే వెళ్లిపోతారు. అందుకే గడువు తీరాక మరో మూడు నెలలు మా ఖర్చుతో ఉంచుకుంటున్నాం.

కిలోల లెక్కన కూలీ ఇవ్వడం కూడా మానేశాం. వాన పడితే సరుకు తగ్గి, కూలీ తగ్గి, చేయి తిరిగినవాళ్లు బోడాబోడా (బైక్ టాక్సీ) నడపడానికి పోతున్నారు. ఇప్పుడు వానొచ్చినా రోజుకూలీ ఉంటుంది. ఆ రోజుల్లో జికో అనే బొగ్గుల పొయ్యిల్లో పగిలిన మట్టి గిన్నెలు మారుస్తారు, మీవీ తీసుకురండి. 25 కిలోల బస్తాకు పెరిగే 75 షిల్లింగులు ఈ కూలీకే.

కొత్త సరుకును మీరే పరీక్షించండి. నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీద పడేస్తే అంచు రాలవచ్చు గానీ రెండుగా విరగకూడదు. బూడిద మరీ ఎక్కువైతే నుసిలో మట్టి ఉన్నట్టే, చెప్పండి.

జూన్ నుంచి చలి. కోడిపిల్లల గదిలోనైనా, పడకగదిలోనైనా తలుపులన్నీ మూసి కాల్చకండి. పొగ లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు.

విరిగిన పాత బస్తాలు వెనక్కి ఇస్తే, తూకానికి తూకం కొత్త సరుకు పాత ధరకే ఇస్తాం.